మధ్యలో పడ్డ షటిల్

మీ ఆటలో మరిచిపోలేని దెబ్బ ఏదని ఎవరైనా అడిగితే, వాళ్ళు ఆశించే జవాబు నా దగ్గర దొరకదు. ఎగిరి కొట్టిన స్మాష్ గురించో, నెట్‌కి ఆనీ ఆనకుండా అవతల జారవిడిచిన డ్రాప్ గురించో చెబుతానని చూస్తారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఎవరూ కొట్టని షటిల్. బాపట్లలో మేం ఆడుకునే రేకుల షెడ్డులో, నాకూ నా జోడీకీ సరిగ్గా మధ్యన, ఏ తొందరా లేకుండా వచ్చి పడింది. ఇద్దరం దాన్ని చూశాం. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అవతలి అమ్మాయిలు నవ్వాపుకోలేక నెట్ పట్టుకుని నిలబడ్డారు.

అది మేమిద్దరం కలిసి ఆడిన మొదటి ఆట. నా పాత జోడీ పెళ్ళి చేసుకుని రాకెట్ అటక మీద పెట్టేసింది. ఒంటరిగా మిగిలిపోయి నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, మా సార్ రేపల్లె పక్క పల్లెటూరి నుంచి ఈ పిల్లని పట్టుకొచ్చారు. సార్ అంటే బాపట్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా మెళ్ళో ఈల మాత్రం పోలేదు. ఆయన దగ్గర మొత్తం జిల్లాలో ఎవరు ఏ చేత్తో ఆడతారో లెక్క ఉండేది. నాది కుడిచెయ్యి కాబట్టి నా పక్కన ఎడమచెయ్యి ఉండాలని ఆయన పట్టుదల.

ఆ పిల్ల తండ్రి వెనక దాక్కుని వచ్చింది. వాళ్ళది వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. ఇకనుంచి ఈవిడే నీ జోడీ అని సార్ చెప్పగానే రాకెట్ చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించి, "నమస్తే అక్కగారండి" అంది. నాకు నవ్వొచ్చింది. కానీ తర్వాత రాకెట్ పుచ్చుకుని వెనకనుంచి ఒక్కటి కొట్టింది చూడండి, రేకుల మీద కూర్చున్న పావురాలు లేచిపోయాయి. అప్పుడు నవ్వడం మానేశాను.

డబుల్స్ ఆడనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. అవతలివాళ్ళు గట్టిగా కొడుతున్నప్పుడు ఇద్దరం పక్కపక్కన నిలబడి కాచుకుంటాం. ఎడమచేతి మనిషి కుడివైపు, కుడిచేతి మనిషి ఎడమవైపు ఉంటే, ఇద్దరి బలమైన చెయ్యీ మధ్యకే వస్తుంది. మధ్యలోకి వచ్చిన షటిల్‌ని ఇద్దరూ కొట్టగలరు. అందుకే అది ఎవరిదో క్షణంలో తేలిపోవాలి. తేలకపోతే రాకెట్లు గుద్దుకుంటాయి, లేదా షటిల్ కిందపడుతుంది. మాది రెండో రకం. షటిల్ మధ్యలోకి రాగానే ఆ పిల్ల చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని "మీరు తీసుకోండక్కా" అనేది. ఆ మాట పూర్తయ్యేలోపు పాయింటు పోయేది.

సార్‌కి ఒళ్ళు మండిపోయింది. ఈల ఊది ఆట ఆపి ఇద్దరినీ నెట్ దగ్గరికి పిలిచారు.

"ఇది కోర్టమ్మా, పెళ్ళి భోజనం కాదు. మీరు వడ్డించుకోండి అంటే కాదు మీరు వడ్డించుకోండి అనుకోవడానికి" అన్నారు.

మధ్యలోకి వచ్చేది ఎప్పుడూ ఎడమచేతిదేనని తీర్పు కూడా చెప్పారు. తను "అలాగేనండి సార్" అని బుద్ధిగా తలూపింది. వెళ్ళి మొదటి షటిలే నాకు వదిలేసింది. పెద్దవాళ్ళు ఉండగా ముందు చెయ్యి చాపడం వాళ్ళింట్లో లేదట. ఆ సంగతి తనే తర్వాత రైల్లో చెప్పింది, ఏదో పాఠం అప్పజెప్పినట్టు.

భయస్థురాలని అనుకోకండి. నేను "నీది" అని అరిస్తే చాలు, వెనక్కి తీసుకున్న చెయ్యే మెరుపులా ముందుకొచ్చి కొట్టేది. తిరుగులేదు. కొన్నాళ్ళకి నాకు కిటుకు తెలిసిపోయింది. షటిల్ అవతలి రాకెట్ వదిలిన క్షణంలోనే నేను తేల్చేసి అరవడం మొదలుపెట్టాను. నాది, నీది, వదిలెయ్, వెనక్కి, ముందుకి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి అరుపులకి కరువు లేదు. నేను ఎంత తిట్టినా తను మొహం మాడ్చుకునేది కాదు. ఆట అయ్యాక మంచినీళ్ళ సీసా మూత తీసి మరీ నా చేతికిచ్చేది. నోరు నాది, చెయ్యి తనది. అలా ఏళ్ళ తరబడి ఆడాం, బాగానే ఆడాం. రాష్ట్రంలో మమ్మల్ని ఓడించేవాళ్ళు తగ్గిపోయారు. ఆ ఆటతోనే నాకు తెనాలిలో ఉద్యోగం వచ్చింది, తనకి వాళ్ళ నాన్న ఇక చదువు గురించి అడగని స్వేచ్ఛ వచ్చింది.

పొద్దున్నే తను రేపల్లె రైల్లో తెనాలి వచ్చేది. నేను ప్లాట్‌ఫారం మీద కలుసుకునేదాన్ని. అక్కణ్ణుంచి ఇద్దరం మరో రైలెక్కి బాపట్ల. ఆటకి వెళ్ళిన పెద్ద పెద్ద ఊళ్ళు మాకు పైకప్పులుగానే గుర్తు. ఫలానా ఊళ్ళో లైట్లు కళ్ళల్లో కొడతాయి, ఫలానా హాల్లో ఏసీ గాలికి షటిల్ పక్కకి పోతుంది అని చెప్పగలం తప్ప, అక్కడ చూడదగ్గవి ఏమున్నాయో మాకు తెలీదు. ఊరు అంటే తెనాలి, బాపట్ల, రేపల్లె. మిగిలినవన్నీ హాళ్ళు.

రైల్లో టిఫిన్ డబ్బాలు తెరిచే కార్యక్రమం ఒకటి ఉండేది. మాది బడిపంతులు గారి ఇల్లు, ఉల్లిపాయ కూడా ఏకాదశి చూసుకుని వేసే ఇల్లు. వాళ్ళింట్లో చేప లేనిదే ముద్ద దిగదు. మొదట్లో తను డబ్బా తీసుకుని కిటికీ వైపు తిరిగి, నాకు వాసన రాకూడదని వంగి తినేది. నాకు అది కష్టంగా తోచి, ఇటు తిరిగి తిను, నీ చేప వచ్చి నన్నేమీ కరవదు అన్నాను. ఆ మాట వాళ్ళమ్మకి చేరింది. మర్నాటినుంచి నాకు విడిగా ఒక చిన్న స్టీలు గిన్నెలో వంకాయ కూరో, గోంగూర పప్పో వచ్చేది. నీచు తగలకూడదని ఆవిడ ఆ గిన్నె కొత్తగా కొని, దేవుడి గూట్లో పెట్టుకునేదట. అందులో నాకు తప్ప ఎవరికీ ఏమీ పెట్టలేదు. నాకోసం అంత శ్రద్ధ మా ఇంట్లో కూడా ఎవరూ పెట్టలేదని ఇప్పటికీ మా అమ్మ ముందే అంటుంటాను.

మా ఇంట్లో గొడవ వేరు. షటిల్ ఈకలు ఎండితే నాలుగు దెబ్బలకే విరిగిపోతాయి. ముందు రోజు కాస్త ఆవిరి పట్టిస్తే మెత్తబడి నిలుస్తాయి. ఇడ్లీ గిన్నె మీద వచ్చే ఆవిరికి మించింది లేదని నేను కనిపెట్టాను. మా బామ్మ చూసింది. "బాతు ఈకలు నా పొయ్యి మీదా?" అని ఆ పూట ఇడ్లీలు ముట్టలేదు. దాంతో పెరట్లో నాకోసం ఒక పాత గ్యాసు పొయ్యి వెలిసింది. కానీ నా జోడీ మొదటిసారి మా ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని ఒక్కో షటిల్‌నీ పసిపిల్లకి తల తడి ఆర్చినట్టు ఆవిరి మీద తిప్పుతుంటే, బామ్మ గడపలో నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత పులిహోర తెచ్చి పెట్టింది. తను ఎడమచేతిని వీపు వెనక దాచుకుని కుడిచేత్తో అందుకుంది. ఆనాటి నుంచి బామ్మకి నా ఆట ఎలా సాగుతోందన్నది కాదు, ఆ ఎడంచేతి పిల్ల తిన్నదా లేదా అన్నదే ముఖ్యం అయింది.

అంతా అలాగే సాగిపోతుందనుకున్నాను. సాగలేదు. నా భుజం మొరాయించింది. చెయ్యి పైకెత్తితే లోపల ఎక్కడో పట్టేసేది. గుంటూరులో డాక్టరు గారు విశ్రాంతి అన్నారు, కసరత్తులు అన్నారు, చివరికి వయసు అని కూడా అన్నారు. నేను వెనక్కి వెళ్ళి కొట్టడం మానేసి నెట్ దగ్గరే ఉండిపోయాను. కోర్టులో మూడొంతులు తనే పరిగెత్తేది. ఒక్కసారి కూడా అలిసిపోయానని అనలేదు.

అప్పుడే ఒకరోజు బాపట్ల స్టేషన్లో తను టిక్కెట్లకి వెళ్ళినప్పుడు సార్ నన్ను పక్కకి పిలిచి చెప్పారు. హైదరాబాద్‌లో ఒక పెద్ద అకాడమీ నుంచి ఫోన్ వచ్చిందట. వాళ్ళ దగ్గర నెట్ ముందు బాగా ఆడే కుర్రపిల్ల ఉంది, జోడీ లేదు. వెనకనుంచి కొట్టే ఎడమచెయ్యి కావాలి. దేశం తరఫున ఆడే జట్టు ఎంపిక దగ్గర పడుతోంది. ఇప్పుడు వెళ్తే తనకి అవకాశం ఉంది, ఇంకో రెండేళ్ళు పోతే అదీ ఉండదు. ఆ పిల్లకి చెప్పాను, అక్కతో మాట్లాడి చెబుతానంది అన్నారు సార్. తను వెళ్తే నాకు ఇంకో జోడీ దొరకదని, ఈ భుజంతో నా ఆట అక్కడితో సరి అని నాకు తెలుసు. సార్‌కీ తెలుసు. అందుకే ఆయన నా మొహం వైపు చూడకుండా పట్టాల వైపు చూస్తూ చెప్పారు.

రైల్లో తను కిటికీలోంచి పొలాలు చూసింది. నేను ఫోన్ చూశాను. తను అడిగితే వెళ్ళమని చెబుదామని నేను. నేను కదిలిస్తే మాట్లాడదామని తను. తెనాలి వచ్చింది, దిగిపోయాం. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. డబ్బాలు తెరిచాం, గిన్నెలో బెండకాయ వేపుడు బాగుందన్నాను, అమ్మకి చెబుతానక్కా అంది. ఇంతలో ఒక పెద్ద టోర్నమెంటుకి పేర్లు పంపే గడువు వచ్చింది. ఎవరితో ఆడతావని సార్ నన్ను అడిగితే, అమ్మాయిని అడగండి సార్ అన్నాను. తనని అడిగితే, అక్కని అడగండి సార్ అందట. ఇద్దరం ఇద్దరినీ అడగమంటూ ఉండగానే గడువు దాటిపోయింది. ఎవరి పేరూ వెళ్ళలేదు. ఆ టోర్నమెంటు జరిగిన వారం మేమిద్దరం చెరో ఊళ్ళో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాం.

సార్ ఇద్దరినీ ఒకేసారి ఫోన్లో కలిపారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"మళ్ళీ మధ్యలో పడేశారు కదమ్మా" అని పెట్టేశారు.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. హైదరాబాద్ వాళ్ళు బాపట్లలో జరగబోయే రాష్ట్రస్థాయి పోటీల దాకా ఆగుతారని, ఆ పైన ఇంకొకరిని చూసుకుంటారని కూడా తెలిసింది. ఇక లాభం లేదని నేనే రేపల్లె రైలెక్కాను. దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. ఎప్పటిలాగే అరిచేసి తేల్చేద్దామనే వెళ్ళాను.

తను వాకిట్లో షటిళ్ళకి ఆవిరి పడుతోంది. వాళ్ళమ్మ నన్ను చూడగానే దేవుడి గూట్లోంచి గిన్నె తీసి లోపలికి వెళ్ళింది. నేను చెప్పులు విడవకుండానే, నువ్వు హైదరాబాద్ వెళ్ళు అనేశాను. తను తలెత్తలేదు. చేతిలో ఉన్న షటిల్‌ని ఆవిరి మీద తిప్పుతూనే ఉంది.

"మీరు వెళ్ళమంటే వెళ్తానక్కా. ఉండమంటే ఉంటాను. మీరెలా అంటే అలా" అంది.

పని తేలిపోయినట్టే కదా. వెళ్ళమన్నాను, వెళ్తానంది. కానీ నాకు ఒంటి మీద చన్నీళ్ళు పోసినట్టయింది. అక్కడ తన జోడీ తనకంటే చిన్నది. ఆ పిల్ల తనని అక్కా అంటుంది. షటిల్ మధ్యలోకి వస్తే ఎవరు అరుస్తారు? ఈ మనిషి పక్కకి తిరిగి నాకోసం వెతుక్కుంటుంది, నేను తెనాలిలో ఆఫీసు కుర్చీలో ఉంటాను. నా అరుపు మీద ఊరు దాటి వెళ్తే, నా అరుపు లేదని వెనక్కి వచ్చేస్తుంది. అలా తిరిగొచ్చి నా ఎదురుగా తలొంచుకుని కూర్చోవడం నా కళ్ళముందు కనబడింది.

"అయితే నేను ఏమీ అనను. నువ్వే తేల్చుకో" అన్నాను.

తను కంగారుగా చూసింది. కోపం వచ్చిందా అక్కా అని అడిగింది. రాలేదని చెప్పి, వాళ్ళమ్మ పెట్టిన అన్నం తిని, రైలెక్కి వచ్చేశాను. ఆ రోజు గిన్నెలో ఏముందో నాకు గుర్తు లేదు.

బాపట్ల పోటీల్లో మొదటి ఆటలు సులువుగానే గెలిచాం. సెమీఫైనల్లో విశాఖ నుంచి వచ్చిన అమ్మాయిలు తగిలారు. గట్టి జట్టు. హైదరాబాద్ నుంచి వచ్చిన కోచ్ చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఉక్కపోత, గాలి షటిల్‌ని కదిలిస్తుందని ఫ్యాన్లు ఆపేశారు. నేను నోరు విప్పకూడదని ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వచ్చాను. తనకి చెప్పలేదు, సార్‌కీ చెప్పలేదు.

నోరు మూసుకుని ఆడటం ఎంత కష్టమో నాలాంటి నోటిదురుసు మనిషికే తెలుస్తుంది. మొదటి షటిల్ మధ్యలో పడింది. తను నావైపు చూసింది. నేను నెట్ వైపు చూశాను. విశాఖ అమ్మాయిలు తెలివైనవాళ్ళు, రెండు పాయింట్లలో కిటుకు పట్టేసి అన్నీ మధ్యలోకే కొట్టారు. టపాటపా పడ్డాయి. వెనకనుంచి సార్, నోరు పడిపోయిందా ఏంటి అని గట్టిగానే అన్నారు. జనం నవ్వారు. మొదటి గేమ్ పోయింది. నాకు ఏడుపొకటే తక్కువ. ఇవే మా ఆఖరి ఆటలు కావచ్చని తెలిసి, ఇంత పరువు తక్కువగా ఆడాల్సి వచ్చినందుకు దుఃఖం ముంచుకొచ్చింది. "నీది" అని ఒక్క మాట అంటే అంతా చక్కబడుతుంది. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను.

రెండో గేమ్ సగంలో ఇంకోటి అలాగే పడింది. అప్పుడు తన మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో తనకి కోపం రాగా చూడటం అదే మొదలు.

"పలకరేంటక్కా?" అంది, అందరికీ వినబడేలా.

నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. అది ఊడలేదు, ఊడదీసి కట్టుకున్నాను. లేచాక సర్వీస్ అయింది. రెండు మూడు దెబ్బలు అటూ ఇటూ తిరిగాక షటిల్ నేరుగా మధ్యలోకి దూసుకొచ్చింది. నా చెయ్యి దానంతటదే లేచింది.

"నాది!"

ఆ గొంతు నాది కాదు. తన రాకెట్ నా రాకెట్‌ని పక్కకి తోసి, నా వేళ్ళ మీదుగా వెళ్ళి షటిల్‌ని కొట్టింది. అవతలివాళ్ళకి అది కనబడనే లేదనుకుంటాను. నా చూపుడువేలు చిట్లి నెత్తురొచ్చింది. తను అది చూసి క్షమించమనడానికి నోరు తెరిచింది. నేను చటుక్కున అటు తిరిగి నా చోటులో నిలబడ్డాను. వెనక సార్ ఈల ఊదారు. అంపైర్ ఆయన్ని కోప్పడ్డాడు.

ఆ తర్వాత తను ఆగలేదు. నాది, నాది, మీదక్కా, నాది. రేకుల షెడ్డంతా తన గొంతే. ఇన్నాళ్ళూ ఆ గొంతు ఎక్కడ దాచుకుందో అర్థం కాలేదు. రెండో గేమ్ గెలిచాం. మూడోది నా భుజం వల్ల పోయింది, కొద్దిలోనే పోయింది. ఓడిపోయి చేతులు కలుపుతూ నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటే విశాఖ అమ్మాయిలు వింతగా చూశారు.

షెడ్డు బయట కుళాయి ఉంది. తను నా చెయ్యి పట్టుకెళ్ళి వేలు కడిగింది. రాకెట్ పిడికి చుట్టే టేపు చింపి దాని చుట్టూ కట్టింది. ఎడమచేత్తోనే కట్టింది, ఈసారి దాచుకోలేదు. కడుతూ కడుతూ, తల వంచుకునే అంది.

"అక్కా, నేను హైదరాబాద్ వెళ్తున్నాను."

వెళ్ళనా అనలేదు. మీరేమంటారు అనలేదు. తలూపాను. తర్వాత ఇద్దరం కుళాయి కట్టెయ్యడం మర్చిపోయి కావలించుకుని ఏడ్చాం. సార్ వచ్చి నీళ్ళు దండగ చేస్తున్నారేంటమ్మా అని కుళాయి కట్టేసి, మళ్ళీ షెడ్డులోకి వెళ్ళిపోయారు.

నేను ఆట మానేశాను. అంటే, పోటీలకి ఆడటం మానేశాను. ఆదివారాలు సార్ పక్కన కూర్చుని చిన్నపిల్లల్ని తిడుతుంటాను. రేపల్లె నుంచి ఎవరు వచ్చినా వాళ్ళమ్మ ఆ గిన్నె నింపి పంపుతుంది. నేను కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని నాలుగు అరిసెలో చక్రాలో వేసి తిప్పి పంపుతాను.

మొన్న తను ఏదో దేశంలో ఆడుతుంటే ఫోన్లో ప్రత్యక్ష ప్రసారం వచ్చింది. బామ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. ఇంగ్లీషులో ఎవరో ఆట గురించి చెబుతున్నారు. వాళ్ళ మాటల మీదుగా తెలుగులో ఒక గొంతు పదే పదే వినబడుతోంది. నాది, నాది అని. పక్కన ఉన్న చిన్నపిల్ల చటుక్కున తప్పుకుంటోంది. నా వేలి మీద మచ్చ అలవాటుగా తడుముకున్నాను.

బామ్మ కళ్ళజోడు సవరించుకుని ఫోన్ దగ్గరికి లాక్కుంది. "ఆ పిల్ల అంతలా అరుస్తోందేంటే? నీ దగ్గరున్నన్నాళ్ళూ నోట్లో నాలుక లేనట్టు ఉండేది" అంది.

నేను ఫోన్ శబ్దం ఇంకాస్త పెంచాను.